గుడ్డ చుట్టిన సైకిళ్లు

కంకర బాట మీద రెండో సైకిల్ తొక్కివచ్చి మేస్త్రి కాలు నేలకి ఆనించాడు. ఒకటి ఉక్కు ఫ్రేము, ఇంకొకటి అల్యూమినియం. ఏది ఏదో తెలియకుండా గొట్టాలకి గుడ్డ చుట్టి, బరువులు కట్టి సమానం చేసి ఇస్తారు. తొక్కి ఏది ఏదో, ఏది బాగా నడుస్తుందో చెప్పాలి. ఫ్యాక్టరీలో చేరిననాటి నుంచీ అదే పని. ఊరికే తిరిగినందుకు జీతమిచ్చే చోటు నీకే దొరికిందని భార్య ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఉక్కు కాస్త వంగి రాతిదెబ్బని తనలోనే దిగమింగుకుంటుంది. అల్యూమినియం తొక్కీ తొక్కగానే ముందుకి ఉరుకుతుంది గానీ, ప్రతి రాయి సంగతీ మణికట్టుకి మోసుకొస్తుంది. దాన్ని చాడీలకోరు అనేవాడు మేస్త్రి. ఇన్నేళ్లూ తడుముకోకుండా తేల్చి చెప్పాడు.

ఈ పూట రెండూ ఒకటే. రాళ్ల చప్పుడు వినబడుతోంది, చేతులకి మాత్రం ఏమీ తెలియడం లేదు. కొంతకాలంగా ఇంతే. మనవరాలు వేలు పట్టుకుని నడుస్తుంటే, పట్టుకుందో వదిలేసిందో తలొంచి చూసుకోవలసి వస్తోంది. చెబితే భార్య ఇక పిల్లని తనతో పంపదని భయం.

"ఏమంటారు బాబాయ్?" అని ఇంజనీరు అమ్మాయి అడిగింది. కొత్త బండి ఏ ఫ్రేముతో చెయ్యాలో అతని మాట మీదే తేలుతుంది.

"మొదటిది ఉక్కేనమ్మా. మెత్తగా పోతోంది," అన్నాడు, నోటికొచ్చింది అనేసి.

ఆమె మొదటిదాని గుడ్డ విప్పింది. ఉక్కే! "మీ చేతులకి తిరుగులేదు బాబాయ్!" అని సంబరపడింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇలాగే ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు అనుకున్నాడు.

"అయ్యో, రక్తం!"

రెండో సైకిల్ పిడి మీది రబ్బరు జారి గొట్టం అంచు బయటపడింది. అరచెయ్యి అడ్డంగా తెగి మోచేతి దాకా రక్తం కారుతోంది. మేస్త్రి దాన్ని ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు.

"నొప్పెట్టలేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా. చాన్నాళ్లుగా ఏదీ తెలియట్లేదు. ఇప్పుడు చెప్పింది ఉత్తుత్తిదే, పోయినసారి చెప్పిందీ అంతే. ఆ బండి ఇంకెవరిచేతైనా తొక్కించు."

ఆమె కట్టు కట్టింది. ఆ వేళ్ల స్పర్శా అతనికి తెలియలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. ముఖం కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అతను గేటు దాటిన వేళకి రెండో సైకిల్ గోడకి ఆనుకుని ఉంది, కుడి పిడి మీద నాలుగు వేళ్ల మరక ఇంకా ఆరకుండానే.