కొట్టేసిన నెంబరు

పెన్సిలమ్మకి నలభై ఆరేళ్లు. నీళ్లు తాగేటప్పుడు గ్లాసులో చివరి గుక్క వదిలేస్తుంది. పురపాలక ఆఫీసులో ఇళ్లకి నెంబర్లు వేసే బల్ల ఆమెది. ముందు పెన్సిల్‌తో వేసి, వీధంతా తిరిగి సరిచూసుకుని, ఆ తర్వాతే సిరా పెడుతుంది కాబట్టి ఆ పేరు పడింది. వీధిలోకి తెరుచుకునే ప్రతి తలుపుకీ ఒక నెంబరు. రూలు అంతే.

ఆ ఊళ్లో నెంబరు లేని గదులు వెనక్కి జరుగుతాయి. రెండు నెలలకో అడుగు. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గోడకి ఆనించిన నిచ్చెన పడకుండా చూసుకుంటారు, అంతే.

ఆ సోమవారం బల్లముందు వరసలో నాలుగో మనిషి ఆమె సొంత అక్క. బట్టలు కుట్టి బతుకుతుంది. మెళ్లో టేపు తీయకుండానే వచ్చేసింది.

"పక్కింటావిడ చిక్కుడు పాదు మీదకెక్కిందే నా గది," అంది అక్క. "ఆవిడ శాపనార్థాలు వినలేక చచ్చాను. అది పోనీ. ఊరి హద్దురాయి ఇంకొక్క అడుగు దూరంలో ఉంది. దాటిందంటే నేను మీ ఊరిదాన్నే కాను. కుళాయీ ఉండదు, ఓటూ ఉండదు. బట్టలు పట్టుకుని అంత దూరం ఎవరొస్తారు?"

"అర్జీ తెచ్చావా?"

"తెచ్చా. నాలుగోది. ఆ మూడూ ఏ బుట్టలో పడేశారో మీ వాళ్లు. ఈసారి నీ చేతికే ఇద్దామని వచ్చా. నువ్వున్నావు కనక సరిపోయింది, లేకపోతే ఎవరి కాళ్లు పట్టుకోను?"

ఆ మూడూ పెన్సిలమ్మ సొరుగులోనే ఉన్నాయి. మోకాలు సొరుగుకి తగిలితే చటుక్కున వెనక్కి లాక్కుంది.

ఏడేళ్ల కిందటి సంగతి. మొగుణ్ణి వదిలి వచ్చేసిన పెద్దకూతురికి నాన్న వీధి గది ఇచ్చి పోయాడు. ఆ ఏడాదే నెంబర్లు పడ్డాయి. "ఒక్క గీత గియ్యి చెల్లాయ్," అన్నాడు అన్నయ్య. "నెంబరు పడితే రేపు గది తనదే అంటుంది. మనింట్లో బుర్రున్నది నీకొక్కదానికే, నీకు విడమర్చి చెప్పాలా?" బుర్ర అనేది ఆ ఇంట్లో మగపిల్లాడి సొత్తు. అందులో తనకీ కాస్త పెట్టాడని మురిసిపోయి, అక్క గది నెంబరు మీద గీత గీసేసింది. గది జరిగినకొద్దీ ఖాళీ అయిన చోట అన్నయ్య తన హాలు పెంచుకున్నాడు. ఆదివారాలు పెన్సిలమ్మ భోంచేసేది ఆ హాల్లోనే.

"రిజిస్టర్ తీయవే, ఏం చూస్తున్నావు?"

తీసింది. కొట్టేసిన నెంబరు మళ్లీ వేయాలంటే, కొట్టేసిన మనిషే కారణం రాసి, అర్జీదారుకి చదివి వినిపించి, సంతకం పెట్టాలి. 'గుమాస్తా పొరపాటు' అని రాస్తే చాలు, అందరూ అదే రాస్తారు. తనూ పెన్సిల్‌తో అదే రాసింది. అక్క చేతులు కట్టుకుని, చదువుకున్న చెల్లెలు రాస్తుంటే ముచ్చటగా చూస్తోంది.

రబ్బరుతో తుడిచేసింది. సిరాతో రాసింది. పెదాలు మాత్రం కదుపుతూ ఓసారి చదువుకుంది.

"గట్టిగా కానివ్వండమ్మా, మాకూ పనులున్నాయి," అన్నాడు వెనకాయన.

"గది అక్కదని తెలిసే, అన్నయ్య అడిగితే నెంబరు నేనే కొట్టేశాను. మూడు అర్జీలూ నేనే దాచాను."

అక్క టేపుని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఆదివారాలు అక్కడ తిని, నా గదిదాకా నడిచొచ్చేదానివి," అంది. "ఎంత దూరం పోయిందే పాపం, అనేదానివి."

పెన్సిలమ్మ రాసినదాని కింద సంతకం పెట్టింది.

"నెంబరెంత?" అంది అక్క.

"పద్నాలుగు."

"రాసివ్వు."

మూడింటికి అన్నయ్య ఫోను. "గదొచ్చి మా హాల్లో కూర్చుందే! నా సోఫా వీధిన పడింది. నెంబరేమైనా తప్పు పడిందేమో చూడు."

"తప్పు ఏడేళ్ల కింద పడింది అన్నయ్యా."

"ఉద్యోగముందని పొగరా?"

"అది ఎన్నాళ్లుంటుందో తెలీదు," అని పెట్టేసింది.

సాయంత్రం నెంబరు రేకు పట్టుకుని తనే వెళ్లింది. చిక్కుడు తీగలు కొన్ని గది మూలకి ఇంకా వేలాడుతున్నాయి. గుమ్మం ముందు అప్పుడే ఇద్దరు ఆడవాళ్లు బట్టలు పట్టుకుని నిలబడ్డారు. అక్క రేకు అందుకుంది. సుత్తి కోసం పెన్సిలమ్మ చెయ్యి చాపింది గానీ, మేకు అక్కే కొట్టుకుంది. లోపలికి రమ్మనలేదు.

పెన్సిలమ్మని మూడు నెలలు సస్పెండ్ చేశారు. తర్వాత అదే బల్ల దగ్గర పన్నెండేళ్లు పనిచేసి రిటైరయింది. ఆ పన్నెండేళ్లూ బట్టలు వేరే వీధిలో కుట్టించుకుంది.