నాపరాయి నున్నబడిన యేడు

ఏప్రిల్లో, వేంపల్లె చుట్టుపక్కల చీనీ తోటల మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయే రోజుల్లో, నాపరాయి బ్యాండు కొత్త పోస్టరు వచ్చింది. కంబన్న తన వైండింగ్ షాపులో కూర్చుని, మోటారు గాడుల్లోకి రాగితీగ ఎక్కిస్తూ, మోకాలి మీద పెట్టుకున్న ఫోన్లో దాన్ని చూశాడు. ముగ్గురూ తెల్ల సూట్లు వేసుకున్నారు. పాటగాడు వీరేంద్ర జుట్టుకు వెండిరంగు వేయించుకుని నల్లద్దాలు పెట్టుకున్నాడు. పైన పేరు "నాపా" అని మాత్రమే ఉంది. రాయి లేదు.

కర్నూలు పాలిటెక్నిక్‌లో చదివే ముగ్గురు పిల్లలు దాదాపు ముప్పై ఏళ్ల కిందట పెట్టిన బ్యాండు అది. ఖాకీ చొక్కాలతో, హవాయి చెప్పులతో స్టేజీ ఎక్కేవాళ్లు. రాక్ అంటే ఇంగ్లీషులో అరవడమే అని అందరూ అనుకునే కాలంలో వాళ్లు సీమ మాటలో అరిచారు. వీరేంద్ర గొంతు ఇసక పోసినట్టు గరగరలాడేది. మొదటి క్యాసెట్లో "గాలి వస్తాండాది" అనే పాట ఉండేది. బోరు వేస్తే నీళ్లు రాలేదు నాయనా, గాలి వస్తాండాది అని కొడుకు తండ్రికి చెప్పే పాట. సరిగ్గా ఆ ఏడే కంబన్న తండ్రి మారెన్న నాలుగో బోరు వేయించాడు. అందులోంచీ గాలే వచ్చింది. చేను వదిలేసి మంగంపేటలో ముగ్గురాయిని పొడిచేసే మిల్లు కాడ కాపలా పనికి పోయాడు. వారానికోసారి ఒళ్లంతా బూడిద దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. భజన పాటలు తప్ప ఏదీ చెవిన పెట్టని ఆ మనిషి, ఒకనాడు కొడుకు టేపురికార్డరు కాడ కూర్చుని ఆ పాట చివరిదాకా విన్నాడు. "వీడెవడప్పా, మన బోరు కాడ నిలబడి సూసినోని మాదిరి పాడతాండాడు?" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లు మాత్రమే బతికాడు.

అందుకే ఆ బ్యాండు గురించి ఎవరేమన్నా కంబన్నకు తన ఇంటి మనిషిని అన్నట్టే ఉండేది.

పోస్టరు వచ్చిన గంటకల్లా అభిమానుల వాట్సాప్ గ్రూపు అంటుకుంది. రెండు వందల పైచిలుకు జనం. ఓర్వకల్లు హైస్కూల్లో లెక్కలు చెప్పే హేమావతి దానికి అడ్మిన్. ఇక్కడి మాట బయటికి పోకూడదని ఆమె ఎప్పుడో నిబంధన పెట్టింది. కొందరు తెల్ల సూట్లు చూసి పెళ్లికొడుకులని నవ్వారు. కొందరు కొత్త పాట అదిరిందన్నారు. గిటారు యాడో మూల వినబడుతోందని, మిగతాదంతా కంప్యూటరు మోతేనని కంబన్న రాశాడు. వెంటనే అష్రఫ్ అడ్డొచ్చాడు.

అష్రఫ్‌ది కడపలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. కడప కాలేజీ గ్రౌండులో నాపరాయి మొదటి షో జరిగినప్పుడు, తొక్కిసలాటలో కిందపడిన కంబన్నను చెయ్యి పట్టి లేపినవాడు. ఆనాటి స్నేహం. నెలకొకసారైనా కలుసుకునేవాళ్లు, కలిసినప్పుడల్లా ఆ పాటల మీదే మాట్లాడుకునేవాళ్లు. అయితే నాలుగైదేళ్లుగా మాటలు వాదాలయ్యాయి. బ్యాండు ఏం చేసినా అష్రఫ్ వెనకేసుకొచ్చేవాడు.

"కాలం మారుతాండాది కంబన్నా. వాళ్లు మారితే తప్పేంది? నువ్వు మాత్రం టేపురికార్డరులోనే ఇంటాండావా?"

హేమావతి కూడా నెమ్మదిగా రాసింది: "వాళ్లకు యాభై దగ్గర పడుతోంది కంబన్న గారూ. మన కోసం ఇంకా ఖాకీ చొక్కా వేసుకుని ఎండలో అరవాలంటారా?"

ఆ మాట కంబన్నకు గుచ్చుకుంది. కోపం ఇంకా పెరిగింది. చేతిలో తీగ పక్కన పెట్టి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గ్రూపుకు వాయిస్ మెసేజిగా నాలుగు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడాడు.

"ఒరే వీరేంద్రా, నేను కంబన్నను, వేంపల్లె నుంచి మాట్లాడతాండా. గరుకు యాడరా? గరుకు యాడ? ఇది నాపరాయి కాదు, బాత్రూం టైల్స్! కాలు పెడితే జారతాండాది!" అని మొదలుపెట్టి, చివరికి తండ్రి సంగతి చెప్పాడు. బోరు కాడ నిలబడి సూసినోని మాదిరి పాడతాండాడని ఆయన అన్న మాట చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడుపొచ్చి ఊపిరి ఎగపీల్చాడు. పంపాక సిగ్గేసి తీసేద్దామనుకున్నాడు. అప్పటికే నలభై మంది విన్నారు.

గ్రూపు ఆ పూటకు సద్దుమణిగింది.

నెలన్నర తర్వాత, కడపలో డిగ్రీ చదివే కూతురు శివజ్యోతి ఫోన్ చేసింది. "నాయనా, ఇది నీ గొంతే కదా?" అని ఒక పాట వినిపించింది. దడదడలాడే మోత మధ్యలో, ముక్కలుగా కోసి అతికించిన మగగొంతు. గరుకు యాడ, గరుకు యాడ, బాత్రూం టైల్స్, టైల్స్, టైల్స్. ఆ తర్వాత వీరేంద్ర మెత్తగా, నవ్వుతూ, మనం నున్నబడ్డాం, జారుకుందాం రా, అని పాడుతున్నాడు. తండ్రి మాట ఎక్కడా లేదు. కానీ పాట చివర్లో, మోత ఆగాక, ఒక ఎగపీల్పు ఉంది. అది తండ్రి గురించి చెప్పినప్పుడు తాను పీల్చిన ఊపిరి. కంబన్న దాన్ని గుర్తుపట్టాడు.

"నవ్వుతాండావా జ్యోతీ?" అన్నాడు.

"లేదు నాయనా," అంది ఆ పిల్ల. "కాలేజీలో అందరూ ఇదే పాడతాండారు. నీదని నేనెవరికీ చెప్పలా," అంది.

ఆమె చెప్పకపోయినా వారంలో వేంపల్లె అంతా తెలిసిపోయింది. మోటారు తెచ్చిన రైతు కూడా బేరం మొదలుపెట్టక ముందు గరుకు యాడ అనే అడిగేవాడు. భార్య రమణి బజారుకు పోతే పిల్లలు వెనక నుంచి పాడేవాళ్లు. గ్రూపులో అందరూ కంబన్నకు అభినందనలు చెప్పారు. అభిమాని తిట్టునే పాట చేయడం ఎంత పెద్ద మనసో అని ఒకరు, అదే అసలైన రాక్ అని ఒకరు రాశారు. గ్రూపులోని మాట బయటికెలా పోయిందని అడిగింది హేమావతి ఒక్కతే. ఆ ప్రశ్న కింద మరో పది అభినందనలు వచ్చాయి.

ఓర్వకల్లులో రాతిగుట్టల పక్కన మైదానంలో షో ఉందని తెలిసి, అష్రఫ్ తన కారులో పోదాం రమ్మన్నాడు. "పోయి వీరేంద్రను మొగం మీదే అడుగు. నేనూ వస్తా," అన్నాడు. కంబన్న బస్సులో కడప చేరి, అక్కడి నుంచి అతనితో కలిసి మైదుకూరు, నంద్యాల మీదుగా పోయాడు. దారంతా అష్రఫ్ తనే మాట్లాడాడు. ఓర్వకల్లు దగ్గర పడేసరికి రోడ్డుకు రెండు పక్కలా తెల్ల సూట్ల ఫ్లెక్సీలు మొదలయ్యాయి. అన్నిటి కింద మూలన అష్రఫ్ షాపు పేరుంది.

ఎండ ఇంకా తగ్గలేదు. అష్రఫ్‌ను చూడగానే కాపలావాళ్లు ఇద్దరినీ లోపలికి వదిలారు. స్టేజీ వెనక రేకుల గదిలో వీరేంద్ర కుర్చీలో కూర్చుని వేడినీళ్లు గుక్కగుక్కగా తాగుతున్నాడు. దగ్గర నుంచి చూస్తే వెండిరంగు కింద జుట్టు పలచబడి ఉంది. డ్రమ్స్ వాయించే నవీద్ మూలన మణికట్టుకు పట్టీ చుట్టుకుంటున్నాడు. కంబన్న తన పేరు చెప్పగానే వీరేంద్ర లేచి కావలించుకున్నాడు.

"కంబన్నా! నువ్వు లేకుంటే ఈ పాటే లేదన్నా. అష్రఫ్ భాయ్ నీ మాట పంపిచ్చినప్పుడు మేం ముగ్గురమూ నాలుగు సార్లు ఇన్యాం."

కంబన్న తిరిగి చూశాడు. అష్రఫ్ తలుపు దగ్గర నిలబడి తన చెప్పులు చూసుకుంటున్నాడు.

అయినా కంబన్న వచ్చిన పని మరచిపోలేదు. "మా నాయన సంగతి కూడా ఇన్యావు గదా. దాన్ని వదిలేసి నగుబాటు ముక్క మాత్రం తీసుకున్యావే. నా ఏడుపును మోతలో కలిపినావే. నిన్ను మావోడనుకున్యాం వీరేంద్రా."

వీరేంద్ర కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడు ఆ గొంతు నిజంగానే గరగరలాడింది, కానీ పాటలో లాగా కాదు. చిల్లుపడిన గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఆ పాట పాడే గొంతు లేదన్నా నాకు. డాక్టర్లు రెండుసార్లు కోసినారు. మళ్లా అరిస్తే మాటే పోతాదని చెప్పినారు. మీరంతా కంప్యూటరు మోతంటాండారే, అది లేకుంటే నేను పాడలేను. ఇంకోటి చెప్తా విను. పాత పాటలతో చివరి షో కడపలోనే చేసినాం. అరవై మంది వచ్చినారు. నవీద్ లెక్కబెట్టినాడు. గరుకు గరుకని ఏడ్చేవాళ్లు ఆ పొద్దు యాడుండారు? నువ్వు వచ్చినావా?"

కంబన్న రాలేదు. ఆ షో జరిగిన మే నెలలో షాపుకు మోటార్లు ఎక్కువగా వచ్చి ఉన్నాయి. ఆ షో జరిగిందని కూడా తర్వాతే తెలిసింది.

"రాలా," అన్నాడు.

"మరి?" అన్నాడు వీరేంద్ర. అందులో కోపం కూడా లేదు. లేచి నల్లద్దాలు పెట్టుకున్నాడు. "రా అన్నా, స్టేజీ మీదికి. ఒక్కసారి ఆ మాట నీ నోటితో అను. జనం సంతోషపడతారు."

వద్దనాల్సింది. కంబన్న వద్దనలేదు. మైకు చేతికిస్తే తండ్రి మాట చెప్పొచ్చు కదా అనుకున్నాడు. ఇన్ని వేలమంది ముందు ఒక్కసారి మారెన్న అన్న మాట చెప్తే చాలుననుకున్నాడు. మెట్లెక్కుతున్నంత సేపూ దాన్నే లోపల వల్లించుకున్నాడు.

స్టేజీ మీద దీపాల వేడికి కళ్లు బైర్లు కమ్మాయి. వీరేంద్ర అతన్ని పరిచయం చేశాడు. మైదానమంతా కంబన్నా అని ఒక్క అరుపు. అంతా శివజ్యోతి ఈడు పిల్లలు, చేతులు పైకెత్తి ఊగుతున్నారు. మోత మొదలైంది. "మా నాయన..." అన్నాడు కంబన్న. ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఆ మోతను అతని మాట మీదనే కట్టారు. అందులో ఇంకో మాట పట్టే సందు లేదు. ఆగాల్సిన చోట మోత ఆగింది. జనమంతా అతని నోటి వైపు చూశారు.

"గరుకు యాడ?" అన్నాడు కంబన్న.

మైదానం బద్దలైంది. మళ్లీ అన్నాడు. మూడోసారి చెయ్యి కూడా ఊపాడు. ఎవరో ఈల వేస్తే నవ్వు కూడా వచ్చింది. బతుకులో ఎప్పుడూ అంతమంది అతని పేరు పెట్టి పిలవలేదు. ఆ రెండు నిమిషాలు అతను సంతోషంగానే ఉన్నాడు. కిందికి దిగి, రేకుల గోడకు ఆనుకున్నాక, తండ్రి మాట చెప్పనే లేదని గుర్తొచ్చింది.

తిరుగు దారిలో నంద్యాల చేరేసరికి రాత్రయింది. టీ కొట్టు దగ్గర కారు ఆపి అష్రఫే మొదలుపెట్టాడు.

"నిన్ను నవ్వులపాలు చేయాలని పంపిచ్చలేదప్పా. అభిమానులు ఏమంటాండారో పంపమని వాళ్లే అడిగినారు. నీది పంపిస్తే ఇని మారతారేమో అనుకున్యా."

"మారడమేంది? మారిందే బాగుందని నువ్వే గదా ఇన్నేండ్లూ నాతో కొట్లాడినావు?"

అష్రఫ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకు మాత్రం నచ్చిందా ఆ పాట? నేను అనలేను కంబన్నా. కర్నూలు, కడప, వాళ్ల ఫ్లెక్సీ పనంతా నాకే వస్తాండాది. అందుకే నీ గొంతుతో చెప్పిచ్చినా."

కంబన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పాట విన్నప్పటి కంటే ఎక్కువ మండింది. ఆ వాదాలన్నీ గుర్తొచ్చాయి. నిద్రపోయే ముందు కూడా ఫోను పట్టుకుని జవాబులు వెతుక్కున్న రోజులు, అష్రఫ్ మాట ఒప్పేమో, తానే మొండివాడేమో అని లోలోపల మథనపడిన రోజులు. ఇన్నేళ్లూ అవతల నిజంగా వాదించిన మనిషే లేడు.

"అయితే ఈ మాట గ్రూపులో చెప్పు," అన్నాడు. "కొత్తది నీకూ నచ్చలేదని ఒక్క మాట. అంతే. పంపిచ్చింది నువ్వని కూడా చెప్పొద్దు."

"యాడ చెప్పేదప్పా," అన్నాడు అష్రఫ్. "అయినా నువ్వే స్టేజీ ఎక్కి అన్యావు గదా. ఇప్పుడు నేను చెప్పి ఏం లాభం?" అన్నాడు.

అది నిజమే. కంబన్న కారు దగ్గరికి పోయి తన సంచీ తీసుకుని, ఎదురుగా ఉన్న బస్టాండు వైపు నడిచాడు. అష్రఫ్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

మర్నాడు పొద్దున గ్రూపులో అష్రఫ్ స్టేజీ మీది ఫొటో పెట్టాడు. కంబన్న చెయ్యి పైకెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. "నాపా జిందాబాద్! మా కంబన్న జిందాబాద్!" అని కింద రాశాడు. కంబన్న ఆ ఫొటోను చాలాసేపు చూసి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు.

మూడో రోజు హేమావతి ఫోన్ చేసింది. ఎందుకు వెళ్లిపోయారని అడగలేదు. గ్రూపులో ఆయన మీద గొడవ జరుగుతోందని చెప్పింది. ఇదంతా పేరు కోసం ఆడిన నాటకమని, మొదటి నుంచీ బ్యాండుతో కుమ్మక్కేనని సగం మంది అంటున్నారట. పాపం పెద్దమనిషి, మనసు కష్టపెట్టుకున్నాడని మిగతా సగం అంటున్నారట.

"అష్రఫ్ ఏమన్నాడు మేడమ్?"

"ఏమీ అనలేదండీ. బొటనవేలు బొమ్మ పెట్టారు."

"ఏ మాటకు?"

"రెండిటికీ," అంది ఆమె.

కంబన్న సరే మేడమ్ అన్నాడు. ఫోను పెట్టేశాక రమణి అన్నం తెచ్చి పక్కన పెట్టి, ఎవరని అడిగింది. తెలిసినవాళ్లెవరో అన్నాడు. చెయ్యి కడుక్కుని తినడానికి కూర్చున్నాడు గాని, రెండు ముద్దలు మించి లోపలికి పోలేదు.