పరుపు మీద మోకాలు

జమ్రుద్‌బీ జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు విని, ముందు గదిలో దూది పరుస్తున్న ఆమె భర్త చాంద్ బాషా, "నీకు ఒకటి చాలు మే. డాక్టరమ్మ సెప్పింది మర్సిపోయినావా?" అన్నాడు. ఆమె వంటగట్టు దగ్గర నిలబడే తడుతోంది. కింద కూర్చుంటే లేవడానికి గోడో, తలుపో, కూతురి భుజమో కావాలి.

ఆదోనిలో వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. ముందు గదే అంగడి. బాషా గుడ్డలో దూది నింపి, కర్రతో కొట్టి సమం చేస్తాడు. ఆ తర్వాత దబ్బనంతో అక్కడక్కడ గుచ్చి ముడి వేయాలంటే పొంగిన దూదిని ఎవరో ఒకరు అదిమి పట్టాలి. పెళ్లయిన కొత్తలో ఆమె చేతులతో అదిమేది. పిల్లలు పుట్టి ఒళ్లు వచ్చాక, మోకాళ్లతో ఎక్కి అదమమన్నాడు. పని తొందరగా తెమిలింది. అప్పటినుంచి అదే అలవాటైంది. ఆమె మోకాలు ఆనించిన చోట దూది గుంట పడుతుంది, అతను ముడి వేస్తాడు, ఆమె మోకాలెత్తి ముందుకు జరుగుతుంది. బాషా కుట్టిన పరుపు గట్టిగా ఉంటుందని కోసిగి దాకా పేరు. ఆమె ఒళ్లు గురించి మాత్రం మాట్లాడని మనిషి లేడు. ఆడబిడ్డ వస్తే ఆటోలో చోటు చాలదంటుంది. అత్త బతికున్నన్నాళ్లూ, కోడలు తిన్నది కంటికి కనిపిస్తుంది, కొడుకు తిన్నది ఏమవుతుందో తెలియదు అనేది. బాషా అంగడికొచ్చిన గిరాకీల ముందు, మా ఇంట్లో రోడ్డు రోలరుంది అంటాడు. పరుపు అదిమే వేళకు మాత్రం ఆమె 'జమ్రూ'. ఇన్నేళ్లూ తాను పరుపెక్కింది ఆ పిలుపు కోసమేనేమో అని ఆమెకు ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించినప్పుడు సిగ్గేస్తుంది.

పోయిన నెల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె మోకాలి చిప్ప కింద ఉబ్బిన చోటును వేళ్లతో నొక్కి చూసింది. ఇక్కడ చేరిన కొవ్వు ఊరికే పడి ఉండదని, కీలులో వాపును అది కూడా పెంచుతుందని, ఎముకల మధ్య ఉండే మెత్త అరిగిపోతోందని చెప్పింది. కొంచెమైనా బరువు తగ్గమంది. మోకాళ్ల మీద వంగే పని ఇవాళ్టితో మానేయమంది. లేకుంటే ఆ కాలు నడకకు కూడా పనికిరాకుండా పోతుందంది. రెండు మాటలూ బాషా ఎదురుగానే చెప్పింది. ఇల్లు చేరేలోపు ఒకటి ఎక్కడో జారిపోయింది. బరువు మాటను అతను వీధంతా తిప్పాడు. నేను అంటే కోపమొస్తుంది గాని, డాక్టరే అనింది చూడండి అని నవ్వాడు. ఆమె కంచం చిన్నదైంది. పరుపు పొడవు తగ్గలేదు. జమ్రుద్‌బీ ఎన్నో పాత పరుపులు విప్పింది. ఏళ్ల తరబడి మనిషి పడుకున్న చోట దూది అట్టకట్టి, కింద నేల తగులుతూ ఉంటుంది. ఆ దూదిని ఏకి మళ్లీ నింపొచ్చు. మోకాలిని ఎవరు విప్పి ఏకుతారు?

రొట్టెలు బుట్టలో పెట్టి మూత వేసేసరికి కోసిగి నుంచి దుర్గప్ప, అతని భార్య వచ్చారు. కొడుకు పెళ్లికి చెప్పిన పరుపు మధ్యాహ్నం ఆటోలో వేసుకుపోవాలి. నింపడం అయింది గాని ఇంకా ఒక్క ముడీ పడలేదు. బాషా దబ్బనానికి దారం ఎక్కించి మెత్తగా పిలిచాడు.

"జమ్రూ, రా."

ఆమె తలుపు దాకా వచ్చి ఆగింది. మొన్న పరుపు మీద నుంచి లేస్తుంటే మోకాలిలో వచ్చిన చప్పుడు గుర్తొచ్చింది. ఎండు కట్టె విరిగినట్టు. ఆ రోజంతా దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ రొట్టె మాటే వస్తుంది.

"నాకు శాత కాదు" అంది.

బాషా దుర్గప్ప వైపు తిరిగాడు. "రోడ్డు రోలరుకు ఈ పొద్దు డీజిలు సాల్లేదన్నా. రొట్టెలు తగ్గించినాం గదా."

దుర్గప్ప నవ్వాడు. అతని భార్య నవ్వలేదు. నవ్వు ఆగాక బాషా కళ్లు గట్టిపడ్డాయి. దగ్గరికి వచ్చి, గిరాకీ ముందు పరువు తీయొద్దని గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె కదల్లేదు. అతను ఆమె భుజం మీదుగా లోపలికి కేకేశాడు.

"అస్మా, నువ్వు రామ్మా. మీ అమ్మకు బాగలేదు."

కాలేజీకి తయారైన అస్మా చున్నీని నడుముకు చుట్టుకుంటూ వచ్చింది. సన్నటి పిల్ల. పరుపెక్కి మోకాలు ఆనిస్తే దూది దిగలేదు. ఇంకా వంగమన్నాడు బాషా. బరువంతా మోకాలి మీదికే తెమ్మన్నాడు. జమ్రుద్‌బీకి నేర్పినప్పుడు అన్న మాటలే, అదే నిదానం. పిల్ల పెదవి కొరుక్కుని, చేతులు గాల్లోకెత్తి, తన ఒంట్లో ఉన్న కాస్త బరువునూ ఆ ఒక్క చిప్ప మీద వేసింది.

"బాగనే నేర్సుకుంటాండాదే" అన్నాడు దుర్గప్ప.

జమ్రుద్‌బీ కుంటుకుంటూ వచ్చి, కూతురి చంకల కింద చేతులు వేసి లేవనెత్తింది. లేపుతుంటే తన మోకాలే విరిగిపోతుందనుకుంది. అయినా వదల్లేదు.

"ఏందిది?" అన్నాడు బాషా.

"డాక్టరమ్మ రెండు మాటలు సెప్పింది. నువ్వు ఒకటే ఇంటికి తెచ్చినావు."

మరి పరుపెట్లా అన్నాడతను. ఆమె దుర్గప్ప వైపు తిరిగింది.

"ఈ పొద్దు కాదన్నా. రేపు రాండి. అదమడానికి కూలికి మనిషిని పెట్టుకుంటాడు."

"కూలికా? దీనికా?" అన్నాడు దుర్గప్ప, అర్థం కాక.

"దీనికే" అంది అతని భార్య. వచ్చినప్పటినుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

బాషా ఇద్దరు ఆడవాళ్లనూ మార్చి మార్చి చూశాడు. దబ్బనాన్ని పరుపులో గుచ్చేశాడు. కూలిమనిషి కోసం పోతాడో, పంచాయితీకి తన పుట్టింటి అన్నను పిలుచుకొస్తాడో జమ్రుద్‌బీకి తెలియలేదు. అస్మా చేతిని మాత్రం ఇంకా పట్టుకునే ఉంది. అతను భుజం మీది తువ్వాలు తీసి ఒంటి మీది దూది దులుపుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, ఇంట్లోంచి వెళ్లిపోయాడు.