భుజం మీద చెయ్యి

వెండెల్ స్కోగ్ సన్న కుంచె మొనను నాలుకతో తడిపి, మేయరు వెనక నిలబడ్డ పోలీసు టోపీని బూడిద రంగుతో కప్పేస్తున్నాడు. పత్రిక ఆఫీసు మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో, అచ్చుకు వెళ్లే ఫొటోల్లోంచి అక్కర్లేనివి చెరిపెయ్యడం ఆయన పని. స్తంభాలు, సిగరెట్లు, పక్కనున్న మనుషులు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది చేరాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగి కూడా చాలా కాలమైంది.

సబ్ ఎడిటర్ లాయిడ్ తలుపు తోసుకొచ్చాడు. "ఊళ్లో సగం మందిని మాయం చేశావు గదయ్యా. ఇదిగో, నీ కోసం ఒకావిడొచ్చింది, చూడు."

ఆయన వెనక నల్లకోటు వేసుకున్న ముసలావిడ. పేరు ఐలి లాటినెన్. రేవులో ఇనుప ఖనిజం ఎత్తే ఆమె భర్త టోయివో వారం కిందట పోయాడు. చావు వార్తలో వెయ్యడానికని ఆమె ఇచ్చిన ఫొటోనే ఇప్పుడు బల్ల మీద పెట్టింది.

"ఇందులో నేనుండాలి గదా బాబూ."

వెండెల్‌కి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం తొందరలో, నకలు తియ్యకుండా అసలు ఫొటో మీదే రంగు పూశాడు. ఆ మగమనిషి భుజం మీద ఎవరిదో చెయ్యి. ముందు చేతిని, తర్వాత చేతి తాలూకు మనిషిని చెరిపేశాడు.

"పేపర్లో ఆయనొక్కడే కావాలన్నారమ్మా."

"పేపరు సంగతి నేనడగలేదు. మేమిద్దరం కలిసి దిగింది ఇదొక్కటే."

లాయిడ్ మెల్లగా జారుకున్నాడు.

వెండెల్ ఆమెకు కుర్చీ వేశాడు. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, పిండి, కాగితానికి ఆనీ ఆననట్టు అద్దాడు. ఎక్కువ తడిస్తే రంగుతోపాటు బొమ్మా ఊడొస్తుంది. ఇన్నేళ్లలో ఎవర్నీ వెనక్కి తెచ్చే పని ఆయన చెయ్యలేదు. పూల గౌను అంచు కనిపించింది. తర్వాత మోచెయ్యి, గాలికి ఎగిరిన జుట్టు, నవ్వుతున్న నోరు.

"సరస్సు గట్టున దిగాం. ఒకటే గాలి. టోపీ పట్టుకోవయ్యా అంటే వినడే. పోయింది నీళ్లల్లో," అందామె.

చివర్లో చిటికెన వేలు దగ్గర పొర లేచిపోయి, తెల్లటి మచ్చ మిగిలింది. వెండెల్ చెయ్యి ఆగిపోయింది.

"వేలు గీసి పెడతానమ్మా. తేడా తెలీదు."

"వద్దులే. ఉన్నదాన్ని అట్లాగే ఉండనీ." ఫొటోను రుమాల్లో చుట్టుకుని లేచింది. "ఆదివారం కాఫీకి రా. ఏలకుల రొట్టె చేస్తాను. ఒక్కదాన్నే తినలేకపోతున్నా."

"పనుందండీ," అన్నాడు అలవాటుగా.

ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆయన కుంచె తీసుకుని మేయరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, కోటైనా వేసుకోకుండా మెట్లు దిగి, మంచులో బస్సు కోసం నిలబడ్డ ఆమెను చేరుకున్నాడు.

"ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

"చర్చి అయ్యాక ఎప్పుడైనా సరే. ముందు లోపలికి పో, చలికి చస్తావు."

ఆదివారం ఐలి రెండు కప్పులు పెట్టి, చీకటి పడ్డాక కూడా వాకిలి దీపం వేసే ఉంచింది. ఆ పొద్దునే, చర్చి గంటలప్పుడు, బేకరీ పైన వెండెల్ అద్దెకుండే గది తలుపు ఎంత కొట్టినా తియ్యకపోతే, ఇంటావిడ తన తాళంతో తెరిచింది. ఆయన పక్క మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గుండె ఎప్పుడో నిద్రలోనే ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

కుర్చీ వీపుకి కొత్త తెల్లచొక్కా వేలాడుతోంది. దుకాణంవాళ్లు గుచ్చిన గుండుసూదులన్నీ తీసేసి ఉన్నాయి, కాలరు కింద ఒక్కటి తప్ప.