తాబేలు పక్కన ఒక పగలు

ఆ వారమంతా అబిగయీలుకు నిద్ర సరిగా పట్టలేదు. కళ్లు మూసుకుంటే చాలు, ఒక చెవి కదిలేది.

గూడూరు అవతల హైవే మీద లారీ గుద్దిన దూడ చెవి అది. అబిగయీలు పశువుల అంబులెన్సులో పనిచేస్తుంది. సెలైన్ ఎక్కించడం, కట్లు కట్టడం, డాక్టరు చెప్పిన సూది వెయ్యడం, నొప్పికి గింజుకునే పశువును కదలకుండా పట్టుకోవడం ఆమె పని. ఆ రోజు చేతులు పడిపోయేదాకా దూడ ఛాతీ నొక్కుతూనే ఉంది. చివరికి డాక్టర్ కిషోర్ బాబు గారు చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేసి తల అడ్డంగా ఊపారు. ఆమె రిజిస్టరులో టైము రాసింది. దూడను ట్రాక్టరులోకి ఎత్తుతున్నప్పుడు దాని ఎడమ చెవి ఒక్కసారి కదిలింది.

"నరాలమ్మా అవి. ప్రాణం పోయాక కూడా కాసేపు అట్లా కదులుతాయి" అన్నారు డాక్టరు.

నిజమేనని ఆమెకు తెలుసు. చదువుకున్న విషయమే. అయినా రోజూ పడుకోగానే ఆ చెవి కదులుతూనే ఉంది.

అలాంటి వారంలో, ఫిబ్రవరిలో ఒక పొద్దున, సముద్రం ఒడ్డునున్న పట్టపుపాలెం నుంచి అంబులెన్సుకు ఫోను వచ్చింది.

"తాబేలంట సార్" అన్నాడు డ్రైవరు పెంచలకృష్ణ, ఫోను పెట్టేసి. "వలలో పడినాదంట, కదల్లేదంట. ఆదెయ్య అని బెస్తాయన, ఆయన భార్య చేసినాది ఫోను. తాబేళ్లకు గూడా పోతామా మనం?"

"పిలిచాక పోకపోతే ఎట్లా? తియ్యి బండి" అన్నారు డాక్టరు.

చిల్లకూరు దాటి తూర్పుకు తిరిగాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల గుంటలు మొదలయ్యాయి. మంచు ఇంకా విడవలేదు. గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు నీళ్ల మీద కాకుండా గాలిలోనే తిరుగుతున్నట్టు అనిపించాయి అబిగయీలుకు. ఆ తర్వాత ఉప్పు పేరుకున్న నేల, ఆ తర్వాత సరుగుడు తోపు. తోపు దాటితే ఇక నేల లేదు. సముద్రమేదో ఆకాశమేదో తెలియని తెల్లదనంలో మూడు పడవలు వేలాడుతున్నాయి. ఆమె తలుపు తెరిచి ఇసుకలో కాలు పెట్టింది. తను నిద్రలో నడుస్తున్నదేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

ఒడ్డుకు లాగిన పడవ నీడలో ఉంది తాబేలు. పెళ్లి వంటల గుండిగ మీద మూతంత వీపు. ఉడికిన చింతకాయ రంగు. ముందు రెక్కలు రెండూ చాపి, మెడ ఇసుకలోకి వాల్చేసి ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఎవరో దాని నుదుట పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు.

దాని పక్కన గొంతుక్కూర్చున్న ఆడమనిషి లేచి నిలబడింది. "నేనే సార్ ఫోను చేసింది. పోలేరమ్మ నా పేరు. అదో, ఆయనే నా మొగుడు."

ఆదెయ్య పది గజాల దూరంలో, తాబేలు వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. డాక్టరు పిలిస్తే తిరిగాడు గాని కళ్లు మాత్రం ఇసుకలోనే పెట్టుకున్నాడు.

"తెల్లారుజామున వల లాగినా సార్. బరువుగా వస్తా ఉంటే చేప బాగా పడిందనుకున్నా. సంతోషపడినా గూడా." అతను కాలితో ఇసుక తోశాడు. "పైకొచ్చినాక చూస్తే ఇది. అప్పటికే కదల్లేదు. నీళ్లలోనే వదిలేసి రమ్మన్నారు మావోళ్లు. నాకు చేతులు రాలేదు."

డాక్టరు చాలాసేపు చూశారు. చిప్ప మీద స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడలేదు. "ఆవుల్ని, మేకల్ని చూసినవాణ్ణి నేను. దీని సంగతి తెలిసినవాణ్ణి అడుగుతా" అంటూ చెన్నైలో సముద్ర జీవాలతో పనిచేసే తన పాత క్లాస్‌మేట్‌కు ఫోను చేశారు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కనుబొమలు పైకి లేస్తూనే ఉన్నాయి.

"నీళ్లలో ఊపిరాడక స్పృహ తప్పితే ఇది అచ్చం చచ్చినదానిలాగే ఉంటుందట" అన్నారు ఫోను పెట్టేసి. "గుండె కొట్టుకునేది కూడా మనకు దొరకదట. ఒక్కోటి గంటలు గంటలు అట్లా ఉండి లేస్తుందట. కొన్ని లేవవు. ఒక పగలైనా చూడకుండా చచ్చిందని చెప్పొద్దన్నాడు."

చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. బోర్లానే ఉంచి, వెనక భాగం జానెడు ఎత్తుగా లేపి పెట్టాలి, లోపలి నీళ్లు కారిపోవడానికి. ఎండ తగలనివ్వకూడదు. తడిగుడ్డ కప్పాలి, ముక్కు మాత్రం మూయకూడదు. అప్పుడప్పుడు అటూ ఇటూ మెల్లగా ఊపాలి. కంటి కొసనూ తోకనూ తాకి చూస్తుండాలి. పెంచలకృష్ణ, అబిగయీలు కలిసి వెనక వైపు రెండు ఇసుక గోతాలు పెట్టారు. నలభై కిలోల బరువు వాళ్ల చేతుల్లో నీళ్లు నిండిన సంచిలా అటూ ఇటూ వాలింది.

అంతలోనే ఇంకో ఫోను. కడుపు ఉబ్బి కిందపడిపోయిన బర్రె ఒకటి, వెంటనే పోవాలి.

"నువ్వు ఇక్కడే ఉండు అబిగయీలూ. సాయంత్రం బండి పంపిస్తా. ఫారెస్టు వాళ్లకు చెప్పాను, వాళ్ల మనిషి సుబ్బు మధ్యాహ్నం దాటాక వస్తాడు" అన్నారు డాక్టరు. బండెక్కబోతూ ఆగి, "ఎక్కువ ఆశ పెట్టుకోకు" అని కూడా అన్నారు.

బండి సరుగుడు తోపులోకి పోయి మాయమయింది. చప్పుడు కూడా పోయాక, అల వచ్చి ఇసుకను తాకి వెనక్కు జారే శబ్దం ఒక్కటే మిగిలింది.

ఆమె తాబేలు తల దగ్గర కూర్చుంది. చిప్ప అంచులు రెండు చేతులా పట్టుకుని ఎడమకు ఊపింది. కాసేపాగి కుడికి ఊపింది. తడిసిన దూది కొసతో కంటి మూల తాకింది. ఏమీ లేదు. తోక నొక్కింది. ఏమీ లేదు. గుడ్డ ఆరితే పోలేరమ్మ బిందెతో ఉప్పునీళ్లు తెచ్చి తడిపింది. మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. మంచు విడిచి ఎండ వచ్చింది. పడవ నీడ జరుగుతుంటే ఆడవాళ్లిద్దరూ కలిసి పాత తెరచాప గుడ్డను కర్రలకు కట్టి పందిరి వేశారు. దాని కింద వెలుతురు పసుపు పచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టు కదిలింది.

మధ్యాహ్నం పోలేరమ్మ గిన్నెలో అన్నం, మట్టగిడసల పులుసు తెచ్చింది. "తిను పాపా. ముఖం పీక్కపోయింది. నిద్రపోవా నువ్వు?"

ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పేసింది అబిగయీలు. దూడ, ఛాతీ నొక్కడం, చెవి. "నేను ఇంకొంచెంసేపు నొక్కి ఉంటే ఏమయ్యేదోనని ఉంటది అక్కా. డాక్టరు గారు కాదన్నారు. తెలుసు నాకు. అయినా పోలేదు."

పోలేరమ్మ గుడ్డ మీద నీళ్లు చిలకరిస్తూ వింది. "యా చెవి?" అని అడిగింది.

"ఎడమది."

"ఊఁ" అన్నదామె. గిన్నెలో ఇంకో చేప ముక్క వేసింది.

ఒంటిగంట వేళ ఆదెయ్య తోపులోంచి వచ్చాడు. చేతిలో పార, మోకాళ్ల దాకా ఇసుక.

"గొయ్యి తవ్వినా మేడం" అన్నాడు తాబేలు వైపు చూడకుండానే. "పూడ్చేద్దాం. నా చేతులతో చంపినా, నా చేతులతోనే పూడ్చాల. ఇది ఒడ్డున ఉండంగా రేపు ఎవురూ వేటకు పోరు."

"పొద్దు గుంకేదాకా ఆగన్నా."

"ఎందుకు? పోయినదాన్ని పెట్టుకోని ఊపతా ఉంటే దానికీ బాధే, నాకూ బాధే."

"ఇట్టా రా అన్నా. వాసన చూడు." ఆమె గుడ్డ కొంచెం ఎత్తింది. "చచ్చిన వాసన వస్తా ఉందా?"

ఆదెయ్య పార కింద పెట్టి, ఇష్టం లేకుండానే వంగాడు. చేప చచ్చి ఎంతసేపయిందో ముక్కుతోనే చెప్పగలిగిన మనిషి. చాలాసేపు అట్లాగే వంగి ఉండి, లేచాడు.

"సముద్రం వాసన" అన్నాడు నెమ్మదిగా.

"పొద్దు గుంకేదాకా ఆగు."

అతను పార అక్కడే వదిలేసి పోయి, కొంచెం దూరంలో వల ఒళ్లో వేసుకుని చిరుగులు అల్లుతూ కూర్చున్నాడు. ఇప్పుడు ముఖం ఇటు వైపుకే ఉంది.

మూడు గంటలకు ఎండ మెత్తబడింది. సముద్రం మళ్లీ తెల్లబడుతోంది. ఎడమకు, కుడికి. తనే అలల మీద ఊగుతున్నట్టు ఉంది అబిగయీలుకు. తాబేలు రెక్క మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది.

నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. పైన ఎక్కడో వెలుగు, ఉతికి ఆరేసిన చీరలా అల్లల్లాడుతోంది. ఊపిరి తీసుకోవాలన్న తొందర ఎవరికీ లేదు. నీళ్ల అడుగున ఇసుక మీద దూడ నడిచి వచ్చింది. దాని చెవులు రెండూ నాచులా మెల్లగా ఊగుతున్నాయి. ఆమెను చూసింది. గుర్తుపట్టినట్టూ లేదు, కోపంగానూ లేదు. తల దించుకుని ఏదో మేస్తూ దూరంగా, ఇంకా దూరంగా, పచ్చదనంలోకి పోయింది.

మెలకువ వచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఎంతసేపు పడుకున్నా అక్కా?"

"అరగంట ఉంటదేమో. గమ్మునుండు. నేను ఊపతానే ఉన్నా, నువ్వు ఊపినట్టే" అన్నది పోలేరమ్మ, చిప్ప అంచు వదలకుండా.

అబిగయీలు దూది తడిపి కంటి మూల తాకింది. రెప్ప వెంట్రుకవాసి ముడుచుకుంది.

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. పోలేరమ్మ చూడలేదు. అబిగయీలు చెప్పలేదు కూడా. నరాలు, అనుకుంది. ప్రాణం పోయాక కూడా కాసేపు కదులుతాయి. మళ్లీ తాకడానికి భయం వేసింది. దూది కింద పడేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక అల వచ్చింది. పోయింది. ఇంకొకటి వచ్చింది.

అప్పుడు తాబేలు గొంతు కింద తోలు ఉబ్బింది. తల వేలెడెత్తు లేచింది. సైకిలు ట్యూబులోంచి గాలి వదిలినట్టు బుస్సుమని ఒక శబ్దం. ముక్కులోంచి నీళ్లు కారి, ముందున్న ఇసుక చెదిరింది. తల మళ్లీ వాలిపోయింది.

"అమ్మా తల్లీ!" అన్నది పోలేరమ్మ, చేతులు వెనక్కు తీసుకుని.

"ఉండక్కా. ఇంకో ఊపిరి రావాల." అబిగయీలు లోపల లెక్కపెడుతోంది. ఇరవై. నలభై. వల వదిలేసి ఆదెయ్య వచ్చి నిలబడ్డాడు. అరవై. ఎనభై. తొంభై దాటాక ఆమె లెక్క తప్పిపోయింది. చేతులు తాబేలు మీద పెట్టి, అమ్మ ప్రార్థనలో అన్నట్టుగా "ప్రభువా, ప్రభువా" అని మాత్రం అంటూ ఉంది.

బుస్సుమంది. ఈసారి తల లేచింది, లేచే ఉంది. కళ్లు తెరుచుకున్నాయి. నల్లగా, తడిగా, ఎక్కడినుంచో చాలా దూరం నుంచి వచ్చి చూస్తున్నట్టుగా.

ఆదెయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. తలగుడ్డ తీసి ముఖమంతా అదిమి పట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

నాలుగున్నరకు ఫారెస్టు సుబ్బు బైకు మీద వచ్చేసరికి తాబేలు రెక్కలతో ఇసుక కొడుతోంది. అతను పై ఆఫీసరుకు ఫోను చేశాడు. అబిగయీలు డాక్టరుకు చేసింది. "లేచిందా?" అని కిషోర్ బాబు గారు మూడుసార్లు అడిగారు. బలం చిక్కేదాకా ఆగి, వలలు లేని చోట, లోపలికి తీసుకుపోయి వదలమన్నారు.

గూడూరులో పుట్టి పెరిగిన అబిగయీలు అంతవరకు పడవ ఎక్కలేదు. తాబేలును గోనె పరిచిన పడవ మధ్యలో పెట్టారు. సుబ్బు ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకున్నారు. అలలు దాటేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఒడ్డు సన్నటి గీతయింది. చుట్టూ ఎటు చూసినా ఒకే రంగు, బూడిద కలిసిన గులాబి. కిందా అదే, పైనా అదే.

ఆదెయ్య ఇంజను ఆపాడు. పెద్ద నిశ్శబ్దం వచ్చి పడవ మీద వాలింది.

"నేను పట్టుకుంటా" అన్నాడు. పొద్దున ఒడ్డుకు చేర్చాక అతను తాబేలును ముట్టుకోవడం అదే మొదలు. పడవ అంచు మీదుగా, పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు దించినంత నెమ్మదిగా నీళ్లలోకి దించాడు. అది తేలుతూ ఉండిపోయింది, ఎక్కడున్నదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. నుదుటి పసుపు నీళ్లలో పొగలా కరిగింది. ఒక రెక్క కదిలింది. రెండోది కదిలింది. చింతకాయ రంగు వీపు కిందికి కిందికి పోయి నీళ్ల రంగులో కలిసిపోయింది.

ముగ్గురూ చూస్తూ ఉన్నారు. అది ఊపిరికి పైకి రావాలి. వస్తేనే బాగున్నట్టు. పడవ మెల్లగా తిరుగుతోంది. సుబ్బు ఒకసారి ఏదో చూపించాడు, నురగ. ఆదెయ్య పెదాలు కదులుతున్నాయి.

చాలా దూరంలో, వాళ్లు చూడని వైపున, బుస్సుమని వినిపించింది. తిరిగేసరికి గుప్పెడంత తల నీళ్ల మీద ఉంది. రెండోసారి ఊపిరి తీసుకుని, మునిగింది.

"పోయినాది" అన్నాడు ఆదెయ్య. ఇంజను తాడు పట్టుకున్నాడు గాని, వెంటనే లాగలేదు.

ఆ తర్వాత ఆ తీరంలో ఎవరి వలలో తాబేలు పడినా నీళ్లలోకి విసిరెయ్యకుండా ఒడ్డుకు తెచ్చి అబిగయీలుకు ఫోను చెయ్యడం అలవాటయింది. ఆ ఎండాకాలం లోపల ఇంకో నాలుగు వచ్చాయి. ఒకటి లేచింది. లేవని మూడింటి దగ్గర కూడా ఆమె, పోలేరమ్మ వంతులు వేసుకుని ఊపుతూ, పొద్దు గుంకేదాకా కూర్చున్నారు.