తెల్ల ఎలుగుకి ఇంగ్లీషు రాదు

మంగళవారం మూడో పీరియడ్ మధ్యలో ఏడో తరగతి పిల్లలు పదకొండు మందీ ఒక్కసారిగా నోరు మూసేశారు.

బోర్డు మీద రాస్తున్న నివియాక్ వెనక్కి తిరిగింది. పిల్లలెవరూ ఆమెను చూడటం లేదు. అందరి కళ్ళూ కిటికీ మీదే ఉన్నాయి. అద్దానికి బయటివైపు ఊపిరి ఆవిరి పళ్ళెమంత వెడల్పున పరుచుకుంది. చూస్తుండగానే కరిగింది. మళ్ళీ పరుచుకుంది.

బడిని స్తంభాల మీద కట్టారు. ఆ కిటికీ మంచు నేల నుంచి ఏడడుగుల ఎత్తులో ఉంటుంది.

"ఎవరూ కదలకండి," అంది నివియాక్, ఇంగ్లీషు వదిలేసి సొంత భాషలో. ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం ఆవిరి కరిగిపోయింది. ఇంక పరుచుకోలేదు.

పది నిమిషాల్లో ఆమె అన్న జూసిపి నాలుగు చక్రాల బండి మీద దడదడలాడుతూ వచ్చాడు. నవంబరులో సముద్రం గడ్డకట్టేదాకా తెల్ల ఎలుగులు ఒడ్డునే పడిగాపులు పడతాయి. వాటిని ఊళ్ళోకి రానివ్వకుండా తరమటం అతని ఉద్యోగం. స్తంభాల మధ్యకి వంగి చూసి, తల గోక్కున్నాడు.

"ఇదిగో చూడు చెల్లీ. ఒడ్డు నుంచి గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. దారిలో మాంసం కొట్టు ఉంది, చెత్త డబ్బాలున్నాయి. వేటినీ ముట్టలేదు. నీ కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది, అంతే."

"ఎందుకు?"

"నన్నడుగుతావేంటి? సైన్సు టీచరువి నువ్వు."

ఆమె కూడా వంగి చూసింది. మంచు మీద అడుగులు ఒక్క రోజువి కావు. కొత్త వాటి కింద పాతవి, పాత వాటి కింద ఇంకా పాతవి. అన్నీ ఒకే చోట ఆగాయి.

ధ్రువ ప్రాంతపు ఆ ఊరి బడిలో మూడో తరగతి వరకు చదువు సొంత భాష ఇనుక్టిటుట్‌లో. నాలుగు నుంచి అన్నీ ఇంగ్లీషులోనే. సొంత భాషలో గలగలా వాగే పిల్లలు సైన్సు క్లాసులో రాళ్ళయిపోయేవాళ్ళు. ఏమడిగినా నేల చూపులే. నివియాక్ కూడా చిన్నప్పుడు ఇదే గదిలో అలాగే కూర్చున్నది కాబట్టి వాళ్ళ అవస్థ ఆమెకు తెలుసు. సెప్టెంబరులో జంతువుల పాఠం వచ్చింది. తెల్ల ఎలుగు బొమ్మ పెట్టి, దీని గురించి చెప్పండి అంటే ఒక్కరూ పెదవి విప్పలేదు. ఈసారి అడ్డొచ్చింది ఇంగ్లీషు కాదు. ఎలుగు గురించి తేలిగ్గా మాట్లాడకూడదని, దాన్ని చిన్నబుచ్చకూడదని, ఎంత దూరాన ఉన్నా అది వింటుందని ప్రతి ఇంట్లోనూ ఉగ్గుపాలతో నేర్పుతారు.

అప్పుడామె నవ్వులాటకి ఒక మాట అంది. "పిచ్చి పిల్లల్లారా, వినేది మన భాషేగా? ఎలుగుకి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషులో చెప్పేయండి."

గది గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో కట్ట తెగింది. దాని బరువు, కొవ్వు, పళ్ళ లెక్క, తిండి లేకుండా ఎన్నాళ్ళుంటుంది, దేనికి జడుస్తుంది, అన్నీ ఇంగ్లీషులో చెప్పారు. చార్టు రాశారు. ఒకడు దాని నడకను వెక్కిరిస్తూ గదంతా తిరిగాడు. తరువాతి పాఠాల్లోనూ నోళ్ళు మూతపడలేదు. ఇన్నేళ్ళ తన ఉద్యోగంలో నివియాక్ అలాంటి క్లాసు చూడలేదు.

అందరిలోకీ గట్టిది ఉలూరియా. పన్నెండేళ్ళ పిల్ల. అక్టోబరులో ప్రిన్సిపల్ ముచ్చటపడి, చార్టును ఊరి రేడియోలో ఆ పిల్ల చేత చదివించాడు. "తెల్ల ఎలుగు ఒక క్షీరదం. దాని వెంట్రుకలకు రంగు లేదు, చర్మం నలుపు. పెద్ద శబ్దానికి పారిపోతుంది. మనుషుల నుంచి తప్పించుకు తిరుగుతుంది. దాని గురించి మాకంతా తెలుసు. నాకు అదంటే భయం లేదు."

చివరి రెండు వాక్యాలు ఉలూరియా రాసినవి కావు. ముగింపు చప్పగా ఉందని నివియాక్ తన కలంతో చేర్చింది.

జూసిపి అంచనా ప్రకారం కిటికీ కింద అడుగులు పడటం మొదలైంది ఆ మర్నాటి నుంచే.

అది మూడో పీరియడ్‌లోనే ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలనుకుంది నివియాక్. ఒక్కటే మార్చు, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచు అని పిల్లలకు చెప్పే పద్ధతినే పట్టుకుంది. బుధవారం పాఠమంతా సొంత భాషలో చెప్పింది. కిటికీ బోసిగా ఉంది. గురువారం అదే గది, అదే గంట, అదే పాఠం, కాని ఇంగ్లీషులో. మూడు నిమిషాల్లో అద్దం మీద ఆవిరి వచ్చింది. బయట జూసిపి ఎలుగులను బెదరగొట్టే టపాసు తూటా పేల్చాడు. ఆ మోతకు గదిలో బల్లలు అదిరాయి. అది కదల్లేదు. రెండోది పేల్చాడు. నిదానంగా తల తిప్పి అతన్ని చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

నివియాక్ కళ్ళు గోడ మీది చార్టు మీదకు పోయాయి. పెద్ద శబ్దానికి పారిపోతుంది. ఆ వాక్యం తప్పని తేలింది.

నిజం తుపాకీతో జూసిపి స్తంభం చాటున పొంచి ఉన్న శుక్రవారం మాత్రం అది రాలేదు. కాపు చాలించి అతను టీకి వెళ్ళిన పావుగంటలో వచ్చింది. పిల్లలు భయంతో గొణుగుతూ చార్టును ఒక్కొక్కరే చదువుతున్నారు. ఎవరు చదివినా ఆవిరి అలాగే ఉంది. ఉలూరియా నోరు విప్పగానే అద్దం మీద నల్లటి ముక్కు ఆనింది. దాని వెనక చిన్న కళ్ళు రెండు. ఆ పిల్ల చదువుతున్నంతసేపూ అవి రెప్ప వేయలేదు.

బడి వదలగానే నివియాక్ ఆ పిల్లను బండిలో ఇంటి దగ్గర దించి, తనూ లోపలికి వెళ్ళింది. ఇంట్లో ఉలూరియా అమ్మమ్మ మియాలి సీలు జంతువు తోలు కుట్టుకుంటోంది.

"అమ్మా, వచ్చావా? చేతులు మంచుగడ్డలయ్యాయి. రా, పొయ్యి దగ్గర కూచో," అంది ముసలమ్మ మనవరాలితో.

"టీ పెట్టవే కూతురా, టీచర్ వచ్చింది," అంది ఉలూరియా.

మియాలి తల్లి పేరే ఆ పిల్లకు పెట్టారు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. అందుకే డెబ్బై ఏళ్ళ మియాలి ఆ పన్నెండేళ్ళ పిల్లను అమ్మా అంటుంది. పిల్ల ఆమెను కూతురా అని గదమాయిస్తుంది. ఆ పిలుపులు విన్నప్పుడల్లా నవ్వుకునే నివియాక్‌కి ఆ రోజు నవ్వు రాలేదు.

జరిగింది చెప్పింది. మియాలి సూది ఆపకుండానే వింది.

"ఎలుగుకి ఇంగ్లీషు రాదని నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదవ్వా. నేనే, సరదాకి..."

"నిజమేలే. రాదు." దారం పంటితో తెంపింది ముసలమ్మ. "మన కడుపుల్లో ఏముందో మన మాటను బట్టే దానికి తెలిసేది. మీరేదో కొత్త మాటలో దాని పేరెత్తి నవ్వుకుంటున్నారు. ఏమంటున్నారో కనుక్కుందామని వచ్చింది. కిటికీ కింద నిలబడి నేర్చుకుంది. నువ్వు ఒక్కో మాట మూడేసిసార్లు చెప్పి, బొమ్మ చూపించి చెప్తావటగా? మరి రాక చస్తుందా? నీ క్లాసులో పన్నెండోది అదేనే."

"ఉలూరియా దగ్గరే ఎందుకు..."

"రేడియోలో భయం లేదన్నదెవరు? ఉందో లేదో చూసుకుందామని." ముసలమ్మ గొంతు సన్నబడింది. "మా అమ్మను ఒకసారి రాళ్ళ కింద పూడ్చిపెట్టొచ్చాను నివియా. రెండోసారి నా వల్ల కాదు."

"ఏం చెయ్యాలి?"

"అన్న మాటను దాని ఎదుట నిలబడి వెనక్కి తీసుకోవాలి. వేరే దారి లేదు."

పొయ్యి దగ్గర ఉలూరియా టీ చల్లార్చుకుంటూ అంతా వింది. ఆ రెండు వాక్యాలూ ఎవరి కలం రాసిందో నివియాక్ ఆ గదిలో చెప్పలేదు. చెప్పాలనే అనుకుంది.

సోమవారం మూడో పీరియడ్‌కి పది మందే ఉన్నారు.

"ఉలూరియా ఏదర్రా?"

కొక్కేనికి ఆ పిల్ల కోటు లేదు. కిటికీ మీద ఆవిరీ లేదు.

నివియాక్ కోటు గుండీలు పెట్టుకోకుండానే మెట్లు దిగింది. జూసిపికి ఫోను చేసింది. అతను ఊరి అవతలి కొసన, విమానాలు దిగే చోటున ఉన్నాడు. గాలి లేచి, నేల మీది మంచును పొగలా తోలుతోంది. బూట్ల గుర్తులు చిన్నవి, తిన్నగా ఒడ్డు వైపు. వాటికి పక్కనే, సమానంగా, పెద్ద అడుగులు. తరుముకొచ్చిన అడుగులు కావవి. తోడుగా నడిచినట్టున్నాయి.

ఒడ్డున, బోర్లించిన పడవల దగ్గర ఉలూరియా నిలబడి ఉంది. పదడుగుల దూరంలో అది. నవంబరు ఆకలికి పక్కటెముకలు తేలి, తోలు వేలాడుతోంది. అయినా పడవంత ఉంది.

అమ్మమ్మ నేర్పిన మాటలన్నీ పిల్ల సొంత భాషలో తప్పు లేకుండా చెబుతోంది. నువ్వు పెద్దదానివి, నేను చిన్నదాన్ని, నా నోరు పాడుది. ఒక్కో వాక్యానికీ అది ఒక్కో అడుగు ముందుకేస్తోంది. తొమ్మిదడుగులు. ఎనిమిది.

నివియాక్‌కి అర్థమైంది. అన్న మాట ఇంగ్లీషులో ఉంది. తీసుకునే మాటా అందులోనే కావాలి.

ఉలూరియాకీ అదే తోచినట్టుంది. "సారీ," అంది ఇంగ్లీషులో. బల్ల మీంచి పెన్సిలు పడితే అనే సారీ. అది ఇంకో అడుగు వేసింది. ఏడు. పిల్ల నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఆ భాషలో ఇంకో మాట దొరకలేదు. ఎలా దొరుకుతుంది? బరువులూ కొలతలూ నేర్పారు. తలవంచటం ఎవరూ నేర్పలేదు.

నివియాక్ పరుగెత్తలేదు. పాఠం చెప్పటానికి వెళ్ళినట్టే నడిచి, పిల్లకూ దానికీ మధ్య నిలబడింది. ఆమె ఇంగ్లీషులో మాట్లాడింది. క్లాసులో లాగే నెమ్మదిగా, మాటమాటా విడివిడిగా.

"నువ్వు శబ్దానికి పారిపోతావని చెప్పాం. అది తప్పు."

అది ఆగింది.

"మనుషుల నుంచి తప్పించుకుంటావని చెప్పాం. అదీ తప్పు. నీ గురించి మాకంతా తెలుసన్నాం. మాకు తెలిసింది నీ పళ్ళ లెక్క."

గాలి ఒక్క క్షణం తెరిపిచ్చింది. దాని ఊపిరి ఆమెకు వినపడుతోంది.

"భయం లేదన్నది ఈ పిల్ల కాదు. నేను. నా చేత్తో రాసి, ఈ పిల్ల నోట పెట్టాను. నాకు భయం. ఇప్పుడూ భయమే. పిల్లను వదిలెయ్. తప్పు నేర్పింది నేను కనక దిద్దేదీ నేనే. నా దగ్గరికి రా. ఎన్నాళ్ళు పట్టినా దిద్దుతాను."

అది వచ్చింది. కుళ్ళిన చేప వాసనతో వెచ్చటి ఊపిరి ఆమె మొహం మీద పరుచుకుంది. కనురెప్పల మీది మంచు కరిగి చెంపల మీదకు జారింది. దాని కళ్ళు ఆమె భుజం మీదుగా ఉలూరియాను చూశాయి. తరువాత ఆమె మీదకు తిరిగి, అక్కడే ఆగిపోయాయి.

బండి చప్పుడు దగ్గరవుతుండగా అది వెనుదిరిగి, పడవల చాటుకు నడిచి వెళ్ళింది.

జూసిపి తుపాకీతో దూకాడు. చెల్లెలి మొహం చూసి తుపాకీ దించి, "ఏమన్నావే దాంతో? హోంవర్కు ఇచ్చావా?" అన్నాడు.

"నేనే తెచ్చుకున్నాను," అంది నివియాక్.

గురువారం సముద్రం గడ్డకట్టింది. ఎలుగులన్నీ సీళ్ళ వేటకు మంచు మీదకు వెళ్ళిపోయాయి. బడి కిటికీ కింద కొత్త అడుగులు లేవు. మూడో పీరియడ్‌లో ఉలూరియా పక్కపిల్లతో కబుర్లాడి తిట్లు తింది. మియాలి ఆ మధ్యాహ్నం నివియాక్ ఇంటికి వేయించిన రొట్టె, కారిబూ దుప్పి మాంసం పంపింది.

"పద్నాలుగు వెళ్ళాయి చెల్లీ," అన్నాడు జూసిపి టీ తాగుతూ. "పదిహేను ఉండాలి. ఇంత ఆకలి మీద వేటకు పోకుండా ఆగే ఎలుగుని నేను చూడలేదు."

అతను వెళ్ళాక నాలుగు గంటలకే పొద్దు వాలింది. నివియాక్ గిన్నెలు కడిగింది. వంటింటి కిటికీ తెర కదిలించకుండానే ఆమెకు తెలిసింది. తెర పక్కకు లాగింది. అద్దం మీద ఆవిరి పళ్ళెమంత వెడల్పున పరుచుకుని ఉంది.

కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. పాఠ్యపుస్తకం తీసి, తెరవకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"మొదటి పాఠం," అంది ఇంగ్లీషులో. "మాకు తెలియనివి."

ఆవిరి కరగలేదు. ఆమె చెప్పటం మొదలుపెట్టింది.