పొలంలో కనిపించిన రైతు

వ్యవసాయ కార్యాలయంలో తనిఖీ గుమాస్తాను అందరూ కుర్చీసారు అనేవారు. వెనకాల అన్నా, మొహాన అన్నా ఆయన చెవిన పెట్టే మనిషి కాదు. సర్కారు ఏటా ఇచ్చే సాగు సాయం రైతు ఖాతాలో పడాలంటే ఈయన పొలానికి వెళ్ళి, రైతును కళ్ళారా చూసి, ఏం పని చేస్తుండగా చూశాడో ఫారంలో రాయాలి. నకలు రైతు ఇంటికి పంపాలి. ఎండలో అంత దూరం ఎవరు తిరుగుతారు? ఫ్యాను కింద కూర్చునే రాసేసేవాడు. గట్టు వేస్తున్నాడు, కాలువ పూడిక తీస్తున్నాడు. పొలమన్నాక ఏదో ఒక పని ఉండకపోతుందా!

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి మూడు నకళ్ళు బల్ల మీద పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇవి నువ్వు రాసినవేనా బాబూ?"

"నేనే. ఏం, సాయం పడలేదా అమ్మా?"

"పడింది. మా ఆయన పోయి మూడేళ్ళు దాటింది."

కుర్చీసారుకు ముందు గుర్తొచ్చింది పోయినాయన కాదు, తన ఉద్యోగం. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం.

"తప్పు నాదీ ఉంది. ఇల్లు గడవక నోరు మూసుకున్నాను," అందావిడ. "కానీ నువ్వు గట్టు అని రాసిన ఏడు, తెగిన గట్టు తెల్లారేసరికి వేసి ఉంది. తర్వాతేడు కాలువ. ఈ ఏడు రాళ్ళు ఏరుతున్నాడని రాశావు. పొలం మూల కుప్ప రోజూ పెరుగుతోంది. ఆ పేర్చడం ఎవరిదో నాకు తెలీదా?"

"పక్క పొలంవాళ్ళు చేసుంటారమ్మా."

"అయితే వచ్చి చూడు."

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన పొలం గట్టు ఎక్కాడు. కనుచూపు మేరలో మనిషి లేడు. కుప్ప మీది రాయి ఎత్తి చూశాడు, అడుగున మన్ను ఇంకా తడిగా ఉంది. రాయి చేతిలో ఉండగానే కుప్పకు అవతలివైపు ఇంకోటి పడిన చప్పుడయింది.

"బతికుండగా నడుం పట్టేసి లేవలేకపోయేవాడు. పోయాక కూడా ఈ చాకిరీ ఏంటి?" అందావిడ. "ఆయన్ని వదిలెయ్యి నాయనా."

వదలడమంటే పోయాడని రాయడమే. రాస్తే ఆవిడకు సాయం ఆగిపోతుంది, తీసుకున్నది వెనక్కి కట్టమంటారు. తన ఉద్యోగం ఊడుతుంది. భయం వేసింది, ఏడుపూ వచ్చింది. ఇంకో రాయి పడింది.

"పోతే పోయింది వెధవ ఉద్యోగం," అని ఫారం, కలం తీశాడు.

ఆవిడ కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు. ముందు ఇంకొకటి రాయి. మూడేళ్ళుగా అన్నీ పనులే రాశావు, తిన్నాడని ఒక్కసారి కూడా రాయలేదు."

కుర్చీసారు రాళ్ళ మీదే చతికిలబడి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. 'పని ఆపి ఇంటికి వెళ్ళాడు. భార్య వడ్డించగా కడుపునిండా తిన్నాడు.' ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

"పోయాడన్నది రేపు రాద్దువులే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నేను పొయ్యి వెలిగించాలి. ఆయనకి వేడివేడిగా ఉండాలి."

కుప్ప దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గబగబా ఇంటివైపు నడిచింది. గట్టు సన్నబడిన చోట ఆగి, పక్కకు ఒదిగి, ముందు ఎవరికో దారిచ్చింది.